నీటితో పేచీ

ఇంటర్మీడియట్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు ఎస్టర్ పరీక్ష గుర్తుండే ఉంటుంది. పరీక్షనాళికలో కాస్త ఆల్కహాల్, కాస్త ఎసిటిక్ ఆమ్లం, రెండు మూడు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. కాసేపు వేడినీళ్లలో ఉంచి, సోడియం బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో పోస్తే పండ్ల వాసన గుప్పుమంటుంది. రికార్డులో 'పండ్ల వాసన, ఆల్కహాల్ సమూహం ఉంది' అని రాసుకుని తర్వాతి పరీక్షకు వెళ్లిపోతాం. వాసన వస్తే చాలు, పరీక్ష పాసైనట్టే. అదే చర్య నుంచి వాసన ఒక్కటే కాకుండా, సీసాలో పోసి చీటీ అంటించదగ్గ స్వచ్ఛమైన ద్రవం రాబట్టాలంటే మాత్రం చాలా పని ఉంది. నాకు రసాయనశాస్త్రంలో అత్యంత ఇష్టమైన పని అది. దాన్ని దగ్గర నుంచి చూపించాలని ఈ ప్రయత్నం.

ఐసోఎమైల్ ఎసిటేట్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. డిగ్రీ ప్రయోగశాలల్లో ఎన్నో దేశాల్లో చేయించే తయారీ ఇది. దీనికి కావలసింది ఎసిటిక్ ఆమ్లం, ఐసోఎమైల్ ఆల్కహాల్. నీరు కలపని ఎసిటిక్ ఆమ్లం వాసన ముక్కుపుటాలను మండిస్తుంది. ఐసోఎమైల్ ఆల్కహాల్ సారా తయారీలో, పులిసే దశలో పక్కన పుట్టే పదార్థం. దాని వాసనకు గొంతు పట్టేసి దగ్గొస్తుంది. ఈ రెండూ కలిసి, వాటి మధ్య నుంచి ఒక నీటి అణువు తప్పుకుంటే మిగిలేది బాగా మాగిన అరటిపండు వాసన. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో 'పియర్ నూనె' పేరుతో పెట్టిన పరిమళం ఆల్కహాల్‌లో కలిపిన ఈ ఎమైల్ ఎసిటేటేనని ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ గుర్తించారు. తర్వాత 1884లో ఫ్రీడ్రిష్ ఫాన్ హెఫ్నర్-ఆల్టెనెక్ ఇదే ద్రవాన్ని దీపంలో పోసి, 40 మిల్లీమీటర్ల ఎత్తు మంటను కాంతి తీవ్రతకు ప్రమాణంగా నిలబెట్టారు. జర్మనీలో ఆ దీపం దశాబ్దాలపాటు వాడుకలో ఉంది. ఎవరు ఎక్కడ తయారుచేసినా ఒకేలా వెలిగేంత స్వచ్ఛంగా దొరికే ఇంధనం కావాలి కాబట్టే దీన్ని ఎంచుకున్నారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. తేనెటీగ కుట్టినప్పుడు తోటి ఈగలను రెచ్చగొట్టే హెచ్చరిక వాసనలో ఇది ఉందని 1962లో తేలింది. కాలేజీ భవనానికి తేనెపట్టు ఉంటే ఈ ప్రయోగం ఆ పక్క కిటికీలు మూసి చేయాలి.

ఇక పనిలోకి వెళ్దాం. ఈ తయారీలో చేతులు చేసే ప్రతి కదలికకూ కారణం ఆ తప్పుకున్న నీటి అణువు. ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే ఎస్టర్, నీరు వస్తాయి. కానీ ఆ నీరు ఊరుకోదు. ఎస్టర్‌ను పట్టుకుని మళ్లీ ఆమ్లంగా, ఆల్కహాల్‌గా విడగొడుతుంది. ముందుకు ఎంత వేగంగా జరుగుతోందో వెనక్కీ అంతే వేగంగా జరిగే చోట చర్య ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అదే సమతాస్థితి. ఫ్రాన్స్‌లో మార్సెలిన్ బెర్తెలో, పెయాన్ ద సాన్-జీల్ 1862లో ఈ లెక్కను ఎంతో ఓపికగా తేల్చారు. ఎసిటిక్ ఆమ్లాన్ని, ఇథనాల్‌ను కొలిచి గాజు గొట్టాల్లో పోసి సీలు వేశారు. కొన్నిటిని వేడిచేశారు, కొన్నిటిని మామూలు ఉష్ణోగ్రత దగ్గర నెలల తరబడి వదిలేశారు. తర్వాత గొట్టం పగలగొట్టి, ఎంత ఆమ్లం మిగిలిందో క్షారంతో అంశమాపనం చేసి చూశారు. రెండో వైపు నుంచి, అంటే ఎస్టర్‌నూ నీటినీ కలిపి కూడా మొదలుపెట్టారు. ఏ వైపు నుంచి బయలుదేరినా చర్య ఆగేది ఒకే చోట: మూడింట రెండు వంతులు ఎస్టర్, ఒక వంతు మిగులు. రెండేళ్ల తర్వాత నార్వేలో గుల్డ్‌బర్గ్, వాగే ద్రవ్యరాశి క్రియా నియమం ప్రతిపాదించినప్పుడు ఈ అంకెలే వారికి పెద్ద ఆధారం. మనం ఇంటర్‌లో బట్టీపట్టిన ఆ నియమం వెనక ఉన్నది సీలు వేసిన ఎస్టర్ గొట్టాలే.

కాబట్టి సమాన మోల్‌లు కలిపి ఎంతసేపు మరిగించినా నూటికి 67 దాటదు. వేడి, ఉత్ప్రేరకం ఆ చోటికి త్వరగా చేరుస్తాయి, చోటును మాత్రం జరపవు. దాన్ని జరపాలంటే రెండు దారులు: కలిపేవాటిలో ఒకదాన్ని ఎక్కువ పోయడం, లేదా పుట్టిన నీటిని పుట్టినట్టే తీసేయడం.

ఎక్కువ పోయాల్సింది దేన్ని? ఈ ప్రశ్న దగ్గరే పనివాడి తెలివి బయటపడుతుందని నా అభిప్రాయం. లెక్క ప్రకారం ఆమ్లం ఎక్కువైనా ఆల్కహాల్ ఎక్కువైనా ఫలితం ఒకటే. బల్ల మీద మాత్రం ఒకటి కాదు. ఐసోఎమైల్ ఆల్కహాల్ 131 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, మనకు కావలసిన ఎస్టర్ 142 దగ్గర. ఆ పదకొండు డిగ్రీల తేడాతో మామూలు స్వేదనంలో రెండూ సరిగా విడిపోవు. ఆల్కహాల్ నీళ్లలోనూ పెద్దగా కరగదు, కడిగినా పోదు. అంటే ఎక్కువ పోసిన ఆల్కహాల్ చివరిదాకా ఎస్టర్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. ఎసిటిక్ ఆమ్లం అలా కాదు. అది చవక, నీళ్లలో పూర్తిగా కలుస్తుంది, మిగిలింది బైకార్బొనేట్‌తో ఉప్పుగా మారి వెళ్లిపోతుంది. అందుకే ఇక్కడ ఆమ్లమే ఎక్కువ పోస్తారు. బెంజోయిక్ ఆమ్లం నుంచి మిథైల్ బెంజోయేట్ చేసేటప్పుడు ఇదే ఆలోచన తిరగబడి, మిథనాల్ ఎక్కువ పోస్తారు. మిథనాల్ 65 డిగ్రీలకే ఆవిరైపోతుంది, నీళ్లలో కలిసిపోతుంది. చివరి మెట్టు దగ్గర ఏది సులువుగా వదిలిపోతుందో చూసుకుని మొదటి కొలత వేయడం ఎంత ముందుచూపో!

వాడుకలో ఉన్న కొలత ఇలా ఉంటుంది: ఐసోఎమైల్ ఆల్కహాల్ 15 మిల్లీలీటర్లు, ఎసిటిక్ ఆమ్లం 20 మిల్లీలీటర్లు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 4 మిల్లీలీటర్లు. మోల్‌లలో చూస్తే ఆల్కహాల్ 0.138, ఆమ్లం 0.35, అంటే రెండున్నర రెట్లు. సమతాస్థితి స్థిరాంకం 4 అనుకుంటే ఆల్కహాల్‌లో నూటికి 88 వంతులు ఎస్టర్ అవుతుంది. ఆమ్లాన్ని పది రెట్లు పోస్తే 97 దాకా వెళుతుంది గానీ, ఆ ఆమ్లమంతా తర్వాత కడగాలి. ఆ తొమ్మిది శాతం కోసం అంత ఆమ్లం వృథా చేయడం దండగ. రెండున్నర రెట్లు అన్నది అనుభవం తేల్చిన మధ్యేమార్గం. సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా ఉత్ప్రేరకంగా పనిచేస్తూనే, పుట్టిన నీటిని కొంత తన వైపు లాక్కుని చర్యను ఇంకాస్త ముందుకు నెడుతుంది.

ఉత్ప్రేరకం కొద్దిగా చాలన్న ఎరుక కూడా ఒక మనిషి పరిశీలనతో వచ్చిందే. అంతకుముందు ఆల్కహాల్‌ను హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుతో సంతృప్తం చేసి ఎస్టర్లు తయారుచేసేవారు. 1895లో బెర్లిన్‌లో ఎమిల్ ఫిషర్, ఆర్థర్ స్పైయర్ కలిసి అంత ఆమ్లం అక్కర్లేదని, కొద్ది శాతం ఉంటే చాలని చూపించారు. చక్కెరల నిర్మాణం విప్పి 1902లో నోబెల్ అందుకున్న ఫిషర్ ఇంత చిన్న పద్ధతి మీద కూడా మనసు పెట్టారంటే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. ఫిషర్ ఎస్టరీకరణం పేరుతో అది నేటికీ నడుస్తోంది.

కలపడంలోనూ పద్ధతి ఉంది. గుండ్రటి అడుగున్న ఫ్లాస్కులో ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం ముందు పోసి, ఫ్లాస్కును మెల్లగా తిప్పుతూ సల్ఫ్యూరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా జారవిడవాలి. ఫ్లాస్కు చేతికి వెచ్చగా తగులుతుంది. తిప్పకుండా పోస్తే బరువైన ఆమ్లం అడుగున పేరుకుని, తర్వాత వేడి తగలగానే అక్కడి ఆల్కహాల్ మాడి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూసే ఎవరు తొందరపడ్డారో అనుభవమున్న లెక్చరర్ చెప్పేస్తారు. రెండు మూడు పింగాణీ పెంకులు వేస్తారు, ద్రవం ఎగిసిపడకుండా నింపాదిగా మరగడానికి. పైన కండెన్సర్ నిలువుగా బిగించి, చన్నీళ్లు కింది నుంచి ఎక్కి పై నుంచి దిగేలా గొట్టాలు తొడుగుతారు. అప్పుడే గాజు తొడుగంతా నీళ్లతో నిండుతుంది. ఎసరు గిన్నె మీద మూతకు పట్టిన ఆవిరి చుక్కలై తిరిగి గిన్నెలోకే రాలినట్టు, మరిగి పైకొచ్చిన ఆవిరి కండెన్సర్ గోడకు తగిలి ద్రవమై మళ్లీ ఫ్లాస్కులోకే దిగుతుంది. ఇదే రిఫ్లక్స్. ఒక గంట మరిగినా చుక్క బయటకు పోకూడదు. ఆవిరి ద్రవంగా మారే తడి వలయం కండెన్సర్ కింది మూడో వంతులోనే నిలవాలి. అది పైకి పాకుతుంటే మంట ఎక్కువైందని అర్థం. మంచి చేయి ఉన్న విద్యార్థి గడియారం కంటే ఆ వలయాన్ని ఎక్కువ చూస్తాడు.

గంట గడిచాక ఫ్లాస్కులో ఉన్నది ఎస్టర్ ఒక్కటే కాదు. మిగిలిన ఎసిటిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం, కాస్త ఆల్కహాల్, పుట్టిన నీరు అన్నీ కలగలిసి ఉంటాయి. ఇప్పటిదాకా శత్రువైన నీరు ఇక్కడ పనిమనిషిగా మారుతుంది. చల్లబడిన మిశ్రమాన్ని వేర్పాటు గరాటులో పోసి, అంతకు మించి చన్నీళ్లు పోసి కుదుపుతారు. నీళ్లలో చర్య వెనక్కి తిరగదా అని అడగవచ్చు. తిరుగుతుంది, కానీ చల్లటి నీళ్లలో అది చాలా మెల్లగా సాగుతుంది. ఈలోపు ఎస్టర్ నీళ్లు వదిలి పైకి తేలిపోతుంది. దాని సాంద్రత 0.876, నీళ్లలో అది దాదాపు కరగదు. ఆమ్లాలు రెండూ కిందికి, నీళ్ల పొరలోకి దిగిపోతాయి. ఏ పొర ఏదో అనుమానం వస్తే ఒక చుక్క నీళ్లు వేసి ఎందులో కలుస్తుందో చూడాలి. సీసాలో ఎస్టర్ చేతికొచ్చేదాకా ఏ పొరనూ సింకులో పారబోయకూడదు. ఈ నియమం పట్టించుకోక గంట శ్రమను కాలవలో కలిపినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

రెండో కడుగు బైకార్బొనేట్ ద్రావణంతో. నా దృష్టిలో ఈ తయారీలో అత్యంత నేర్పు కోరే ఘట్టం ఇదే. ఎస్టర్‌కు పట్టుకున్న ఆమ్లం బైకార్బొనేట్‌తో కలవగానే కార్బన్ డైఆక్సైడ్ బుసబుసమని పొంగుతుంది. ఎసిటిక్ ఆమ్లం 0.05 మోల్ మిగిలి ఉన్నా సుమారు 1.2 లీటర్ల వాయువు వస్తుంది. అంతటినీ చిన్న గరాటులో బంధిస్తే మూత ఎగిరిపోతుంది, ద్రవం మొహాన చిమ్ముతుంది. అందుకే మొదట మూత పెట్టకుండా మెల్లగా తిప్పాలి. పొంగు తగ్గాక మూత అరచేతితో అదిమిపట్టి గరాటును తలకిందులు చేసి, కాడను మనుషులు లేని వైపు తిప్పి కుళాయి తెరవాలి. వాయువు సుయ్‌మని బయటపడుతుంది. కుళాయి మూసి ఒకసారి కుదిపి మళ్లీ తెరవాలి. ఆ శబ్దం ఆగేదాకా ఇంతే. చెవితో చేసే పని ఇది. అంత ఇబ్బంది ఎందుకు, వాయువు రాని సోడియం హైడ్రాక్సైడ్‌తో కడగవచ్చు కదా అంటే, ఆ బలమైన క్షారం ఆమ్లంతో పాటు ఎస్టర్‌ను కూడా విరిచేస్తుంది. సబ్బు తయారీలో కొవ్వులకు జరిగేది అదే, కొవ్వులూ ఎస్టర్లే కదా. బైకార్బొనేట్ ఆమ్లాన్ని తీసేస్తుంది, ఎస్టర్‌ను వదిలేస్తుంది. ఇంటర్ పరీక్షలో పరీక్షనాళికను బైకార్బొనేట్ నీళ్లలో పోయించింది కూడా ఇందుకే: వెనిగర్ ఘాటు ఉప్పుగా మారి అణిగిపోతే తప్ప పండ్ల వాసన ముక్కుకు తెలియదు.

మూడో కడుగు సంతృప్త ఉప్పునీళ్లతో. ఎస్టర్‌లో కరిగి దాక్కున్న నీటిని ఉప్పునీరు తన వైపు లాక్కుంటుంది, పొరలు కూడా గీత గీసినట్టు విడిపోతాయి. ఇక మిగిలిన కొద్దిపాటి తడికి అనార్ద్ర మెగ్నీషియం సల్ఫేట్. చెంచాడు వేయగానే అది ఉండలు కడుతుంది, అంటే నీళ్లు తాగుతోందన్నమాట. ఇంకొంచెం వేసి తిప్పితే ఒక దశలో పొడి ఉండ కట్టకుండా ద్రవంలో రేణువులుగా విడివిడిగా తిరుగుతుంది. అప్పటిదాకా మబ్బుగా ఉన్న ద్రవం అద్దంలా తేటపడుతుంది. తూకం వేసి చెప్పగలిగేది కాదిది, కన్ను నేర్చుకోవాలి. పొడి మరీ ఎక్కువ వేస్తే అది ఎస్టర్‌నూ పీల్చి దాచుకుంటుంది.

ఇక్కడ తడి మిగిల్చినవాడు చివరి మెట్టయిన స్వేదనంలో దొరికిపోతాడు. నీరు, ఎస్టర్ కలిసి 142 కంటే బాగా తక్కువ ఉష్ణోగ్రతలోనే మరిగి ముందుగా వచ్చేస్తాయి, ఆ మొదటి చుక్కలు మబ్బుగా పడతాయి. థర్మామీటర్ బల్బు పక్కగొట్టం నోటికి కాస్త కిందుగా ఉంటేనే అది బయటకు పోయే ఆవిరి ఉష్ణోగ్రత చెబుతుంది. పైకి ఉంటే తక్కువ చూపి, మంచి ఎస్టర్‌ను కూడా వృథాగా పారబోయిస్తుంది. 134 నుంచి 143 మధ్య వచ్చేదాన్ని పొడిగా ఆరిన గాజుపాత్రలో పడతారు. ఫ్లాస్కు పూర్తిగా ఎండకముందే ఆపేస్తారు. రంగులేని తేట ద్రవం. పరారుణ వర్ణపటం తీస్తే 1740 సెం.మీ⁻¹ దగ్గర ఎస్టర్ కార్బొనైల్ లోతుగా దిగుతుంది, 3300 పైన ఆల్కహాల్ వెడల్పాటి పల్లం కనిపించకూడదు.

ఇదంతా మొదటి దారి. రెండో దారి, పుట్టిన నీటిని వెంటనే తీసేయడం. దీనికి వాడే గాజు పరికరం 1920లో అమెరికా గనుల బ్యూరోలో డీన్, స్టార్క్ పెట్రోలియంలో తేమ కొలవడానికి రూపొందించినది. ఫ్లాస్కుకూ కండెన్సర్‌కూ మధ్య గీతలు కొట్టిన పక్క గొట్టం ఉంటుంది. మిశ్రమంలో టోలుయీన్ కలిపి మరిగిస్తే, అది నీటిని వెంటబెట్టుకుని 85 డిగ్రీల దగ్గరే ఆవిరై పైకి వెళుతుంది. చల్లబడగానే రెండూ విడిపోతాయి. నీరు బరువు కాబట్టి పక్క గొట్టం అడుక్కు చేరుతుంది, టోలుయీన్ నిండి పొర్లి మళ్లీ ఫ్లాస్కులోకి వెళ్లి ఇంకొంత నీటిని తెస్తుంది. పై కొలత ప్రకారం చర్య పూర్తయితే 2.5 మిల్లీలీటర్ల నీరు రావాలి. గీతలు చూస్తూ కూర్చుంటే చర్య ఎంత దూరం వచ్చిందో నీరే చెబుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేని ఆ గాజు గొట్టాన్ని మించిన తెలివైన పరికరం రసాయన ప్రయోగశాలలో లేదని నా నమ్మకం.

నీటి సంగతి ఇంత చెప్పాక దాని పుట్టుక కూడా చెప్పాలి. ఆ నీటి అణువులోని ఆక్సిజన్ ఆమ్లం నుంచి వచ్చిందా, ఆల్కహాల్ నుంచి వచ్చిందా? రెండు వైపులా ఓహెచ్ సమూహం ఉంది, ఏది ఊడిందో కంటికి తెలియదు. 1938లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇర్వింగ్ రాబర్ట్స్, హెరాల్డ్ యూరీ బరువైన ఆక్సిజన్-18 పాలు పెంచిన మిథనాల్‌ను బెంజోయిక్ ఆమ్లంతో చర్య జరిపించారు. పుట్టిన నీటిని పరీక్షిస్తే అది మామూలు నీరే. బరువైన ఆక్సిజన్ ఎస్టర్‌లో ఉండిపోయింది. అంటే ఆమ్లమే తన ఓహెచ్‌ను వదులుకుంటోంది. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో గీసే బాణాలన్నిటికీ పునాది ఆ ప్రయోగం.

ఈ పద్ధతికి లొంగని ఆమ్లాలూ ఉన్నాయి. కార్బాక్సిల్ సమూహానికి రెండు వైపులా మిథైల్ సమూహాలు అడ్డుగా ఉన్న 2,4,6-ట్రైమిథైల్ బెంజోయిక్ ఆమ్లం అలాంటిది. ఆల్కహాల్ అణువు దగ్గరికి రావడానికి చోటే ఉండదు. ఇలాంటి ఆమ్లాల మొండితనాన్ని విక్టర్ మేయర్ 1894లోనే గమనించారు. 1941లో మెల్విన్ న్యూమన్ దాన్ని ఛేదించిన తీరు చూడండి: ఆమ్లాన్ని ముందు నూరు శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించారు. అక్కడ అది తన ఓహెచ్‌ను నీటి రూపంలో ముందే పోగొట్టుకుని, ఆల్కహాల్ సులువుగా చేరగలిగే అయానుగా మారుతుంది. ఆ ద్రావణాన్ని చల్లటి ఆల్కహాల్‌లో పోయగానే ఎస్టర్ సిద్ధం. ఆల్కహాల్ రాకముందే నీటిని పంపించేశారు!

మన కాలేజీల్లో ఈ తయారీ చేయించే లెక్చరర్లకు, చేసే విద్యార్థులకు ఒక విన్నపం. పై కొలతకు పూర్తి దిగుబడి దాదాపు 18 గ్రాములు. అంతా సవ్యంగా చేసిన చేతికి అందులో నాలుగింట మూడు వంతులు దొరికితే మంచి పని. రికార్డులో పక్కవాడి అంకె ఎక్కించవద్దు. మీ సీసాలోకి వచ్చిన బరువు, మీ థర్మామీటర్ చూపిన మరుగు ఉష్ణోగ్రతల హద్దు, మొదటి చుక్కలు తేటగా పడ్డాయా మబ్బుగా పడ్డాయా, రిఫ్లక్స్‌లో రంగు మారిందా లేదా అన్నవి రాయండి. దిగుబడి నూటికి 95 అని వస్తే మురిసిపోకుండా ముందు మీ ఎస్టర్ పూర్తిగా ఆరిందో లేదో చూడండి.